ఏనుగు గెలిచినా గని మూతపడకుండా ఉండాలంటే

పనిలేని ఊరికి అన్నిటికంటే పనికివచ్చే వస్తువు ఏది? ఫ్యాక్టరీ అంటారు కొందరు. కాలేజీ అంటారు ఇంకొందరు. రైలుకు మరో రెండు పెట్టెలు తగిలిస్తే చాలంటారు, తెల్లవారుతూనే మారికుప్పంలో బండెక్కి బెంగళూరు దాకా ఒంటికాలి మీద నిలబడి పోయేవాళ్ళు. ఇవన్నీ తెలిసీ తెలియని మాటలు! పనిలేని ఊరికి కావలసింది అమెరికా ఎన్నికలు. అవి కూడా రాబోయేవి కాదు, ఎప్పుడో అయిపోయినవి.

రాబోయే ఎన్నికతో ఏం సుఖం చెప్పండి? ఏళ్ళ తరబడి కాచుకోవాలి. చివరికి గెలిచేది ఒక్కడే. అదే అయిపోయిన ఎన్నిక అనుకోండి, ఓడినవాణ్ణి రోజుకొకసారి గెలిపించుకోవచ్చు. వద్దనుకుంటే సాయంత్రానికి మళ్ళీ ఓడించవచ్చు. దీనికి అయ్యే ఖర్చు ఒక టీ. అది కూడా వన్ బై టూ!

నమ్మకం లేకపోతే మా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వచ్చి చెన్నప్పను చూడండి. ముప్పైరెండేళ్ళు భూమి అడుగున కొయ్య దుంగలు నిలబెట్టి, తోటివాళ్ళ నెత్తిన కప్పు కూలకుండా చూసిన మనిషి. గని మూతపడ్డాక కూడా చాలా రోజులు ఆయన తెల్లవారుజామునే లేచేవాడు. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వినాయకుడి పటానికి దణ్ణం పెట్టి, టిఫిన్ డబ్బా చేతబట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాడు. ముందుకు పోదామంటే షిఫ్టు లేదు. వెనక్కి పోదామంటే భార్య నరసమ్మ ఏదో ఒక పని చెబుతుంది. అలాంటి మనిషిని గుమ్మంలోనుంచి కదిలించింది ఎవరు? సర్కారా? కార్మిక సంఘమా? కాదండీ, అమెరికా!

అది ఎలా జరిగిందో కూడా చెప్పాలి. మా లైను, అంటే గని కార్మికుల ఇళ్ళ వరస, దాని మొదట్లో తాయమ్మ టీ అంగడి ఉంది. అంగడి ముందు ఒక బెంచీ, దాని మీద అయిదుగురు పాత గని మనుషులు, చివరగా వచ్చి చేరిన చెన్నప్పతో కలిపి. అందులో మునియప్ప, మనుషుల్ని గనిలోకి దించే కేజ్‌ను పైకీ కిందికీ నడిపిన ఇంజన్ డ్రైవర్. ఎంతమంది ప్రాణాలో చేతిలో పెట్టుకుని మీట తిప్పిన మనిషి కనక ఆయన మాటకు బెంచీలో విలువ ఎక్కువ. ఒకనాడు ఆయన వడ చుట్టి ఇచ్చిన పాత పేపరు నూనె తుడిచి చదివాడు. రెండువేల సంవత్సరం నవంబరులో అమెరికా ప్రెసిడెంటు ఎవరన్నది ఫ్లోరిడా అనే రాష్ట్రంలో ఐదువందల ముప్పైఏడు ఓట్ల తేడాతో తేలిందట. ఏనుగు గుర్తు పార్టీ గెలిచిందట. గాడిద గుర్తు పార్టీ ఓడిందట.

మునియప్ప వేళ్ళు మడిచాడు. నవంబరు, డిసెంబరు, జనవరి. ఫిబ్రవరి ఆఖరుకు మన గనికి తాళం. ఇంకేం రుజువు కావాలి? గాడిద గెలిచి ఉంటే బంగారం రేటు అప్పుడే పైకి లేచేది, తాళం పట్టుకున్న చెయ్యి వెనక్కి పోయేది! ఎలా లేచేది అని ఎవరూ అడగలేదు. అడిగితే వాదం తేలిపోతుంది. టీ తాగడానికి వచ్చినవాడెవడైనా వాదం తేలాలని కోరుకుంటాడా?

నలుగురూ ఒప్పుకున్నారు. చెన్నప్ప ఒక్కడే ఒప్పుకోలేకపోయాడు. ఆయనకు వచ్చిన చిక్కు మామూలు చిక్కు కాదు.

చెన్నప్ప ప్రతి సంకష్టికీ ఉపవాసం ఉండి కురుడుమలె వినాయకుడి దగ్గరికి పోతాడు. గనిలోకి దిగిన ప్రతిసారీ ఆ స్వామినే తలుచుకుని దిగాడు, తిరిగి పైకి వచ్చాడు. ఏనుగు ముఖం దేవుణ్ణి నమ్ముకున్నవాడు ఏనుగు పార్టీ ఓడిపోవాలని ఎలా కోరుకుంటాడు? పోనీ గెలిచిందని సంతోషిద్దామంటే గని మూతపడింది. కాబట్టి ఏనుగు గెలవాలి, గని కూడా నడవాలి. అలాంటి చరిత్ర ఒకటి ఎక్కడో ఉండి తీరాలని ఆయన నమ్మాడు. ఆరేళ్ళపాటు దాన్ని వెతికాడు.

ఒకసారి దొరికినట్టే దొరికింది. పందొమ్మిదివందల అరవైలో ఏనుగు పార్టీ తరఫున నిలబడి కొద్దిలో ఓడినాయన ఉన్నాడు కదా, ఆయనే ఎనిమిదేళ్ళకు గెలిచి, డెబ్భైఒకటిలో డాలరుకూ బంగారానికీ ఉన్న ముడి విప్పేశాడు. మన గనికి చెడ్డరోజులు అక్కడే మొదలయ్యాయని చెన్నప్ప లెక్క. అరవైలోనే గెలిచి ఉంటే? రెండు దఫాలు ఏలి, అరవైతొమ్మిదికల్లా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ముడి విప్పే పనే ఉండేది కాదు! చెన్నప్ప ఆ రోజు బెంచీకి అటు చివరనుంచి ఇటు చివరకు టీ ఇప్పించాడు.

మునియప్ప టీ మొత్తం తాగేదాకా ఆగి, ముడి అలాగే ఉంటే బంగారం ఔన్సు ముప్పైఐదు డాలర్ల దగ్గరే ఉండేదనీ, గని డెబ్భైరెండులోనే మూతపడేదనీ శాంతంగా చెప్పాడు. చెన్నప్పకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఉన్న గని ముప్పైఏళ్ళ ముందే పోయింది మరి!

ఆ బాధలోనే కురుడుమలె పోయి, ఏనుగు పార్టీ పేరున అర్చన చేయమన్నాడు. పూజారి ఎన్నో రకాల భక్తుల్ని చూసినవాడు కాబట్టి గోత్రం సంగతి వదిలేసి ఎన్నిక ఎప్పుడని మాత్రం అడిగాడు. అరవైలో అన్నాడు చెన్నప్ప.

"జరగబోయే దానికైతే అర్చన ఉండాదప్పా" అన్నాడు పూజారి. "జరిగిపోయిన దానికి తీర్థం తీసుకొని పోవడమే."

చూశారా, ఇందులో భక్తి కూడా ఉంది! జ్ఞానం ఉంది. అన్నిటినీ మించి శాంతి ఉంది. మన ఊరి పార్టీల జెండాలు కట్టే దగ్గర అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నారు. ఏనుగూ గాడిదా మాత్రం ఆరేళ్ళు ఒకే బెంచీ మీద ఒకే గ్లాసును రెండుగా పంచుకుని తాగాయి. అమెరికానుంచి వచ్చి ఎవడూ చొక్కా పట్టుకోలేదు.

ఇంత మేలు చేస్తున్న విద్యకు అడ్డు వచ్చింది మున్సిపాలిటీ ఎన్నిక.

మా లైనులో నీళ్ళ కష్టం గురించి చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒకప్పుడు బేతమంగళ చెరువు నీళ్ళు పైపుల్లో గని దాకా వచ్చేవి. ఇప్పుడు పైపులు ఉన్నాయి. ఎనిమిది రోజులకొకసారి ట్యాంకర్ వస్తుంది. అది లైను మొదట్లో ఆగుతుంది. చెన్నప్ప ఇల్లు లైను చివర. నరసమ్మ బిందెలు మోసి మోసి కుడి మోకాలు వాచి, ఇప్పుడు ఒక బిందె నీళ్ళు తేవడానికి మూడు గడపల దగ్గర కూర్చుని లేస్తుంది. బిందె నీళ్ళతో నలభై టీలు కాయలేక విసిగిన తాయమ్మ, కొత్త పైపు వేయించి లైను చివరిదాకా నీళ్ళు తెస్తానని చెప్పి వార్డులో నిలబడింది. ఆమెకు వచ్చిన గుర్తు కూడా కొళాయే. బెంచీ ఓట్లు అయిదూ నా పూచీ అని చెన్నప్ప ఆమెకు మాట ఇచ్చాడు.

పోలింగు నాడు, తన గిరాకీలంతా ఓటేయడానికి పోవాలని తాయమ్మ అంగడి మూసింది. ఎంత మంచి మనసు! బెంచీవాళ్ళు వెళ్ళి వీధి చివర ఇంకో అంగడి ముందు కూర్చున్నారు.

అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా ప్రతిసారీ నరసమ్మే చెన్నప్పను వెంటబెట్టుకుపోయి ఓటు వేయించేది. ఈసారి ఆమె తాయమ్మ తరఫున ఏజెంటుగా పొద్దుటినుంచీ స్కూల్లో జాబితా ముందు పెట్టుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళ పేర్లకు టిక్కు పెడుతోంది. మొగుడి పేరు ఎదురుగా ఖాళీ. తొందరగా రమ్మని మధ్యాహ్నం ఒకరితో కబురు కూడా పంపింది. వస్తాం, సెకండ్ షిఫ్టుకు వస్తాం అని చెన్నప్ప తిరుగు కబురు పెట్టాడు.

ఆయన తప్పేముంది? గనిలో సంఘం ఎన్నికలంటే ఓట్ల పెట్టె మూడు షిఫ్టులకూ తెరిచే ఉండేది. ఆఖరి కేజ్ పైకి వచ్చి, ఆఖరి మనిషి టోకెన్ అప్పగించి, ముఖం కడుక్కుని ఓటు వేసేదాకా దానికి సీలు పడేది కాదు. మనిషి లోపల ఉండగా పెట్టె మూయడమంటే కప్పు కూలదోసినంత పాపం. ముప్పైరెండేళ్ళు అలా బతికినవాడికి ఓటుకు గడియారం ఉంటుందని ఎలా తడుతుంది?

పైగా ఆ రోజే ఆయనకు ఆ చరిత్ర దొరికింది! పందొమ్మిదివందల పన్నెండు ఎన్నిక. ఏనుగు పార్టీ రెండుగా చీలి గాడిద గెలిచిన ఏడు. చీలకుండా ఉండి ఉంటే? ఏనుగు గెలిచేది. ఏనుగు ఉన్న చోట యుద్ధం సాగదు. ఆ మొదటి ప్రపంచ యుద్ధం లేకపోతే గని తవ్వించే తెల్లదొరకు బంగారానికి తొందర లేదు. తొందర లేకపోతే తాపీగా తవ్వేవాడు. తాపీగా తవ్వితే సగం బంగారం ఇప్పటికీ లోపలే ఉండేది! ఏనుగూ గెలిచింది, గనీ నడుస్తోంది. మధ్యాహ్నం మొదలైన ఈ చరిత్ర ముగిసేసరికి నాలుగున్నర దాటింది. మునియప్ప చాలాసేపు వెతికాడు. సందు దొరకలేదు. లేచి చెన్నప్ప చెయ్యి పట్టుకున్నాడు.

అయిదుగురూ ఇళ్ళకు పోయి, ముఖాలు కడుక్కుని, ఉతికిన చొక్కాలు వేసుకుని అయిదూ పదికి స్కూలు గేటు దగ్గరికి వచ్చారు. గేటు మూసి ఉంది. మీసాలు కూడా సరిగా రాని పోలీసు అయిదుకే టైమ్ అయిపోయిందన్నాడు.

"మేము సెకండ్ షిఫ్టు వాళ్ళం అప్పా" అన్నాడు చెన్నప్ప.

ఆ పోలీసుకు షిఫ్టంటే ఏమిటో తెలియదు. గేటు కమ్మీల వెనకనుంచి జాబితా చంకలో పెట్టుకుని నరసమ్మ వచ్చింది. అయిదు ఉతికిన చొక్కాలను ఒకసారి చూసి, కుంటుకుంటూ ఇంటికి నడిచింది.

లెక్కింపులో తాయమ్మ నాలుగు ఓట్లతో ఓడిపోయింది.

ఆ రాత్రి వంట దగ్గర నరసమ్మ మొగుణ్ణి తిట్టలేదు. రెండు ఖాళీ బిందెలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"రేపు ట్యాంకర్ వస్తాది. ఇంగ మీద నువ్వే తేవాల" అంది. అన్నం వడ్డిస్తూ, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఆ ఫ్లోరిడాలో ఐదునూర్ల ముప్పైఏడు ఓట్లంటివే, ఆడ ఓటెయ్యకుండా పోయినోళ్ళు యాడ కూర్చోని ఉండిరయ్యా?"

ఆరేళ్ళుగా ఏ ప్రశ్నకైనా జవాబు ఉన్న చెన్నప్ప అన్నం తిని లేచి, రెండు బిందెలూ తీసుకుపోయి గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు.

కాబట్టి మళ్ళీ మనవి చేస్తున్నాను, అయిపోయిన ఎన్నికలను మించిన వరం లేదు. బెంచీ ఇప్పటికీ నిండుగానే ఉంది. ట్యాంకర్ రోజు మాత్రం చెన్నప్ప ఆలస్యంగా వస్తాడు, ఎందుకంటే లైను చివరికి ఆరు బిందెలు మోయాలి. తాయమ్మ అందరికీ టీ ఇస్తూనే ఉంది. నీళ్ళు తక్కువ కనక ఇప్పుడు వన్ బై ఫైవ్.

నాకున్న ఆశ ఒక్కటే. ఫ్లోరిడాలో కూడా ఏదో గని మూతపడి ఉంటుంది, ఏదో టీ అంగడి ముందు ఒక బెంచీ ఉంటుంది. అక్కడి పెద్దలు మన వార్డు గురించి వాదించుకుంటూ ఉంటారు. కేజీఎఫ్‌లో ఆ అయిదుగురూ నాలుగున్నరకే లేచి ఉంటే చరిత్ర ఎలా ఉండేదని! వాళ్ళకు పెద్ద కష్టం ఉండదు లెండి. ఏనుగు అక్కర్లేదు, గాడిద అక్కర్లేదు, బంగారం రేటూ అక్కర్లేదు. లైను చివర ఇంట్లో నరసమ్మ కూర్చున్న చోటునుంచి లేచి, కొళాయి తిప్పేది.