పోశవ్వ బుగులుపై సోమయాజులుగారి దండయాత్ర

ఓ పలకలారా, ఓ బలపపు ముక్కలారా, జర చెవులొగ్గి వినుడు! ఆంధ్రప్రదేశావతరణానంతరము రెండవ వత్సరమున, మృగశిర జల్లులు గోడల సున్నమును కడిగి పారవైచుచున్న సోమవారమున, మెట్‌పల్లి యందలి ఒకానొక ఒంటిగది బడిలో, బాలమనస్తత్వశాస్త్రమున శిక్షణపత్రము పొంది, దానికి అద్దము కట్టించి గోడకు వ్రేలాడదీసిన మహాపండితుడు, బెత్తపాణి, గుంటూరునుండి బదిలీపై వేంచేసిన సోమయాజులు మాస్టారు, ఐదేండ్ల పోశవ్వ కన్నీటిపై యుద్ధము ప్రకటించెను. ఎంత పౌరుషమో చూడండి!

నేతపని రాయమల్లు బిడ్డ పోశవ్వ ఆనాడే బడిలో అడుగుపెట్టినది. అక్షరము పలుకదు, పలక ముట్టదు, ఏడ్పు మానదు.

"ఓసీ అశ్రుప్రవాహినీ! మధ్యాహ్నపు గంటలోగా నీ రోదనము నశింపకున్నచో, హాజరుపట్టీనుండి నీ నామధేయమును సమూలముగా కొట్టివేసెదను! కారణము వచింపుము!" అని మాస్టారు గది దద్దరిల్ల గర్జించెను.

"బుగులైతుంది," అన్నది పోశవ్వ ఎక్కిళ్ల నడుమ.

బుగులు! సకలశాస్త్రపారంగతునికి ఆ మాట తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు నోరు రాలేదు. పొట్టలో బుగబుగమనుచున్నది కాబోలునని నిశ్చయించి, పిడికెడు వాము నమిలించెను. ఘాటు తగిలి ఏడ్పు రెండింతలైనది. ఆహా, వైద్యమంటే ఇదీ! గంటకింక పావుగంటయే మిగిలెను. వీరుడు కలము తీసి హాజరుపట్టీ తెరచెను.

అంతట బడికి నీళ్లు మోసే కొమురవ్వ బిందె దించి, నడుమున చేతులు పెట్టుకొని, "గదేంది సారూ! బుగులంటే కడుపునొప్పి అనుకున్నవా? భయం! పోరి భయపడుతుంటే వాము పెడతవా?" అని నిలదీసి, పోశవ్వను ఒళ్లోకి తీసుకొని, "ఏం జూస్తే బుగులైతుంది బిడ్డా?" అని అడిగెను.

చిక్కుడుగింజంత చూపుడువ్రేలు మెల్లగా లేచి, గదియంతయు తిరిగి, బ్రహ్మాస్త్రమై సోమయాజులు మాస్టారి మీద నిలిచెను.

మహాపండితుడు గోడమీది పత్రమువంక చూచెను. అది కిక్కురుమనలేదు. సిగ్గుతో బెత్తమును బీరువా వెనుక పడవైచి, పంచె మాయునను చింత మాని, నేలపై చతికిలబడెను.

పోశవ్వ ఆయనను ఎగాదిగా చూసి, "నీకు గూడ బుగులైతదా సారూ?" అన్నది.

"అవుతుందమ్మా... ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడు." సమాసము లేని మాట ఆయన నోట వెడలుట అదే ప్రథమము.

"గప్పుడు జర వాము నమలు," అన్నది పోశవ్వ.

గంట మ్రోగెను. పేరు నిలిచెను. పోశవ్వ ఏడ్పు మాని, మాస్టారి ఉత్తరీయముతో ముక్కు తుడుచుకొనెను. శంఖములు పూరింపుడు, భేరులు మ్రోయింపుడు! బు, గు, లు, అని మూడక్షరములు ఆనాడు జయింపబడినవి. ఆ దినమున ఆ బడిలో చదువు వచ్చినది మాస్టారొక్కరికే.