దానంతట అదే పెరిగే గులాబీ

రెండు నెలల కిందట ఓ ఉదయం మా ఆయన పాల ప్యాకెట్‌ను పళ్లతో చింపారు. పాలు గిన్నెలో తప్ప అన్నిచోట్లా పడ్డాయి. ఆయన చొక్కా మీద, స్టవ్వు మీద, ఆనాటి పేపర్లో వాతావరణ సూచన మీద.

"ఈ ఇంట్లో ఒక్క వస్తువైనా ఉండాల్సిన చోట ఉంటుందా? కత్తెర ఏది?"

"పెరట్లో ఉంది. గులాబీ కొమ్మకి తగిలించాను."

"వంటింటి కత్తెరకి గులాబీ కొమ్మ మీద ఏం పని?"

"వాడిన పూలు కత్తిరించానండీ. తీసెయ్యకపోతే కొత్త మొగ్గ రాదు."

"ఎందుకొచ్చిన చాదస్తం! అది దానంతట అదే పెరుగుతుంది కదా!"

ఆ మాట మొదట గులాబీ ముల్లులాగే గుచ్చుకుంది. తర్వాత నేల మీది పాలు తుడుస్తూ ఆలోచించాను. నేల తుడిచేటప్పుడు నాకు మంచి ఆలోచనలు వస్తాయి. ఆలోచించిన కొద్దీ ఆయన మాటే నిజమనిపించింది. అందుకే ఈ రోజు మీ అందరి ముందూ ధైర్యంగా ప్రకటిస్తున్నాను. ఈ కాలం మనకిచ్చిన సుఖాలన్నిటిలోకీ గొప్పది, ఎవరూ పట్టించుకోనక్కర్లేని గులాబీ మొక్క! జీరో మెయింటెనెన్స్!

నవ్వుతున్నారా? అయితే మీరు ఎప్పుడూ హైబ్రిడ్ గులాబీలు పెంచి ఉండరు.

మా ఇంట్లో ఒకప్పుడు అవి ఏడు కుండీలు ఉండేవి. ఒక్కో పువ్వు క్యాబేజీ అంత. వాసన కూడా క్యాబేజీకి ఉన్నంతే. ఎండ ఎక్కువైతే అలక, తక్కువైతే జ్వరం. కొత్త అల్లుడికి కూడా ఎవరూ అన్ని మర్యాదలు చేసి ఉండరు! మా ఆయన వాటికోసం రంగు పెన్నులతో చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించారు. ఏ వారం ఏ మందు, ఏ పూట ఎన్ని మగ్గుల నీళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరు పోయాలన్నది మాత్రం లేదు. ఆరు నెలల్లో ఏడూ పోయాయి. చార్టు ఇప్పటికీ కళకళలాడుతోంది.

ఆ తర్వాత మా అత్తగారు మాతో ఉండడానికి వస్తూ తడిగుడ్డలో చుట్టిన జానెడు కొమ్మ ఒకటి తెచ్చారు. నాటు గులాబీ. చిన్న పువ్వు, లెక్కకందని రేకులు, వీధి మలుపు దాకా వాసన. ఆవిడకి వాళ్ల అత్తగారు ఇచ్చిన మొక్క నుంచి తీసిన కొమ్మట. "దీనికేం చెయ్యక్కర్లేదు అమ్మాయ్, దానంతట అదే పెరుగుతుంది" అంటూ నా చేతిలో పెట్టారు. పెడుతూ ఎందుకో పెదవి బిగించి నవ్వారు. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు.

ఆరేళ్లయింది. ఇప్పుడది వెనక గోడను సగం కప్పేసింది.

మా ఆయన ఆఫీసులో ఫైళ్లు చూస్తారు. సెలవు రోజుల్లో ఫోన్లో మొక్కల గ్రూపు చూస్తారు. ఓ ఆదివారం ఈ గులాబీ ఫోటో తీసి అందులో పెట్టి, కింద ఇలా రాశారు: "ఆరేళ్లుగా నేను దీనికి ఏమీ చేయలేదు. చెంబెడు నీళ్లు కూడా పోయలేదు. ఫలితం మీరే చూడండి!"

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన ఆ మొక్కకు చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదని నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా సాక్ష్యం చెబుతాను.

ఆ పూటే నూట నలభై లైకులు వచ్చాయి. మర్నాటికి ఆయనకు 'గులాబీ గురువుగారు' అని పేరు పెట్టారు. వారం తిరక్కుండా 'పట్టించుకోకుండా గులాబీలు పెంచడం ఎలా?' అన్న అంశం మీద వీడియోలో ఉపన్యాసం. మొక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫోను పట్టుకుని నేను నిలబడ్డాను.

"సార్, ఎరువు ఏం వేస్తారు?" అని ఎవరో అడిగారు.

"ప్రకృతిని మించిన ఎరువు లేదండీ."

"మరి పురుగు పడితే?"

"పురుగుది కూడా ప్రాణమే కదా! మనం అడ్డు రాకూడదు. అడ్డు రాకపోవడమే అసలైన తోటపని."

కుర్చీ వెనక నా సబ్బునీళ్ల స్ప్రే సీసా కెమెరాకి కనబడుతోంది. కాలితో మెల్లగా పక్కకు జరిపాను. శాస్త్ర చర్చకు సబ్బు అడ్డు రాకూడదు కదా!

మీరు అనవచ్చు, ఆయన సరే, నువ్వు ఏదో చేస్తూనే ఉంటావు కదా అని. అబ్బే! నేనూ దానికి ఏమీ చేయను.

పొద్దున బియ్యం కడిగిన నీళ్లు గులాబీ మొదట్లో పోస్తాను. అది పనా? ఎలాగూ పారబోసేవే. సింకు రెండడుగుల దూరంలో ఉంది, మొక్క నలభై అడుగుల దూరంలో ఉంది, అంతే తేడా. వాడేసిన టీ పొడి వేస్తాను. చక్కెర ఉంటే చీమలు చేరతాయి కనుక ముందు కడిగి, కాగితం మీద ఆరబెట్టి, అప్పుడు వేస్తాను. కోడిగుడ్డు పెంకులంటారా, అవి ఎండబెట్టి దంచితేనే మట్టిలో కలుస్తాయి. దంచడం కూడా ఒక పనేనా? చేతికి వ్యాయామం!

మొగ్గల మీద, లేత ఆకుల అడుగున పేనుబంక పడుతుంది. నువ్వుగింజలో పావు వంతుండే పచ్చటి పురుగు. అది పట్టినప్పుడు ఒక్కో ఆకూ తిప్పి సబ్బునీళ్ల గుడ్డతో తుడుస్తాను. ఆకుకు అడుగు వైపు కూడా ఒకటి ఉంటుందని మా ఆయనకు తెలుసో లేదో నాకు సందేహమే.

వాన కురిస్తే మొక్క మొదట్లో నీళ్లు నిలవకుండా కాలువ తీస్తాను. పైనున్న ఎండుకొమ్మలు కత్తిరిస్తాను. ముళ్లు గీరుకుంటాయి. చేతి మీద గీతలు చూసి మా అమ్మాయి, "పిల్లిని పెంచుతున్నావా అమ్మా?" అంటుంది. కాలేజీలో రోజంతా ల్యాబులో ఉండే పిల్ల, దాని చూపు ఆ మాత్రం నిశితంగానే ఉంటుంది.

చూశారా! ఇంతే. ఇంత తక్కువ చాకిరీతో ఏ మొక్క పూస్తుంది చెప్పండి?

అసలు మా ఇల్లే అంత. జనం బోలెడు డబ్బు పోసి ఆటోమేటిక్ యంత్రాలు కొనుక్కుంటారు. మా ఇల్లు ఇరవై రెండేళ్లుగా ఒక్క వైరు కూడా లేకుండా పూర్తిగా ఆటోమేటిక్! ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు వాటంతట అవే నిండుతాయి. మేజోళ్లు వాటంతట అవే జత కూడతాయి. మా అమ్మాయి ల్యాబు కోటు సాయంత్రం నల్లగా పడుకుని పొద్దున్నే తెల్లగా లేస్తుంది. అరిగిపోయిన సబ్బు స్థానంలో కొత్త సబ్బు మొలుస్తుంది. ఇంత గొప్ప ఇంట్లో ఉంటూ, ఇదంతా ఎవరు చేస్తున్నారని అడగడం ఎంత అమర్యాద!

సరే, కత్తెర గొడవ జరిగిన రోజు సాయంత్రమే మా అక్క దగ్గర నుంచి ఫోను వచ్చింది. మోకాలికి ఆపరేషన్, తోడు కావాలంది. పన్నెండు రోజులకు బట్టలు సర్దుకున్నాను. ఎండలు ముదిరిన రోజులు. గుమ్మం దిగుతూ ఆగాను.

"ఏవండీ, గులాబీకి..."

"దాని సంగతి నాకు వదిలెయ్" అన్నారు గురువుగారు.

వదిలేశాను. ఆయనా వదిలేశారు.

నేను వెళ్లిన పదో రోజు గ్రూపు వాళ్లు పదకొండు మంది ఆ మొక్కను కళ్లారా చూడడానికి వచ్చారు. ఆ ముచ్చట మా అమ్మాయి ఫోన్లో పూస గుచ్చినట్టు చెప్పింది. ఆకులు పసుపు పచ్చగా వేలాడుతున్నాయట. మొగ్గలు విచ్చకుండానే తల వాల్చేశాయట. వచ్చినవాళ్లలో ఒక రిటైరయిన టీచరమ్మ ఉంది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, వంగి, ఒక ఆకును వెనక్కి తిప్పి చూసిందట.

"సార్, ఈ మొక్కను ఎవరు చూసుకుంటారు?"

"ఎవరూ చూసుకోరండీ" అన్నారట ఈయన, గర్వంగా.

"అది తెలుస్తూనే ఉంది" అందట ఆవిడ.

అరగంటలో నాకు ఆయన ఫోను.

"మొక్కకి ఏం చేసి వెళ్లావు నువ్వు?"

"ఏమీ చెయ్యలేదండీ."

"అబద్ధం! నువ్వున్నన్నాళ్లూ నిక్షేపంలా ఉండేది!"

"నిజమేనండీ. పది రోజుల నుంచీ ఏమీ చెయ్యలేదు."

 "మీ అక్క కాలు ఎలా ఉంది?" అన్నారు ఆయన.

తిరిగి వచ్చాక చూస్తే, గోడ మీద ఎండిన తీగల చిక్కు. కాళ్లు కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్లి కూలబడ్డాను. అత్తగారు చేతికర్ర ఆనించుకుంటూ వెనకే వచ్చారు.

"మీరైనా కాసిని నీళ్లు పోయించకపోయారా అత్తయ్యా? పోతే?"

"ఇది పోయే రకం కాదమ్మాయ్. పోయేదైతే నా కాపురం మొదట్లోనే పోయేది. నాకూ మా అత్తగారు ఇదే మాట చెప్పి ఇచ్చింది, ఏం చెయ్యక్కర్లేదని. నలభై ఏళ్లు బావి నీళ్లు తోడి పోశాను. మీ మామగారు వచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు, దానంతట అదే పెరిగిందని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు పుచ్చుకునేదానివా?" అని మళ్లీ అదే నవ్వు.

కత్తెర తీసుకుని మొక్కను మోకాలెత్తుకు కత్తిరించాను. నెల రోజులు బియ్యం నీళ్లు, టీ పొడి, సబ్బు గుడ్డ. అంటే, ఏమీ చేయలేదు. ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. ఆ తర్వాత మొగ్గలు. నిన్న పొద్దున మొదటి పువ్వు విచ్చింది.

నిన్న రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్నారు. మా ఆయన ముఖం వెలిగిపోతోంది. ఫోను కంచం పక్కన పెట్టుకుని ప్రకటించారు.

"గ్రూపులో పువ్వు ఫోటో పెట్టాను. ఒక్కటే అడుగుతున్నారు, వచ్చే ఆదివారం మళ్లీ మాట్లాడమని. అంశం కూడా వాళ్లే పెట్టారు. 'ఎండిన గులాబీ దానంతట అదే బతికిన వైనం'!"

మా అమ్మాయి ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపేసింది. అత్తగారు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. నేను ఆయనకు కూర వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, కూర్చున్నాను.

"ఈసారి ఉపన్యాసం నేను చెబుతానండీ."

"నువ్వా? ఏం చెబుతావు?"

"'ఏమీ చేయకుండా ఉండడం ఎలా?' మీరు చెప్పిన సిద్ధాంతమే. కాకపోతే నాకు అనుభవం లేదు కదా, ప్రాక్టీసు కావాలి. రేపు పొద్దుటి నుంచి ఆదివారం దాకా చేస్తాను. గులాబీకి మాత్రం నీళ్లు పోస్తాను, పాపం దాని తప్పేముంది? మిగతావన్నీ వాటంతట అవే జరుగుతాయి."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానేశారు. అమ్మాయి వైపు చూశారు. అది చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయింది. కాసేపు ఆలోచించి, అసలు ప్రశ్నకు వచ్చారు.

"మరి పొద్దున్నే పాల ప్యాకెట్... ఇంతకీ కత్తెర ఎక్కడ పెట్టావు?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు గ్లాసు దించారు.

"వెతక్కు నాయనా. దానంతట అదే దొరుకుతుంది."