డ్రిల్లు పాడిన జోల

ఆదివారం ఉదయం వాచీలు బాగుచేసే మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కూరగాయలు తెచ్చేలోగా వాలుకుర్చీలో పడుకుని, పళ్ళ డాక్టరు డ్రిల్లు చప్పుడు ఇరవై నిమిషాలు వినాలి. అంతే.

ఆవగింజంత మరను చెయ్యి వణక్కుండా బిగించగల ఆ మనిషికి డ్రిల్లు మోతంటే మాత్రం ముచ్చెమటలు. చిన్నప్పుడు ఓ డాక్టరు మత్తు ఎక్కకముందే పన్ను తొలిచాడు. ఇప్పుడు పుచ్చుపన్ను నాలుగు నెలలుగా సలుపుతోంది. చీము దవడకు పాకుతుందని డాక్టరు హెచ్చరించాడు కూడా. అయినా రెండుసార్లు డాక్టరు కుర్చీ దాకా వెళ్ళి, మెడకు కట్టిన గుడ్డతో సహా పారిపోయి వచ్చాడు.

చివరికి భార్య ఆయన్ని ఒక సైకాలజిస్టు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ సైకాలజిస్టమ్మ నవ్వలేదు. "ఆ చప్పుడూ నొప్పీ మీ మనసులో ముడిపడిపోయాయి మాస్టారూ. ఆ ముడి విప్పి, చప్పుడుకి హాయిని ముడేద్దాం" అంది. ఒళ్ళు వదులు చేసుకుని, నిదానంగా ఊపిరి పీలుస్తూ, రికార్డు చేసిన డ్రిల్లు మోతను మొదట గుసగుసలా, రోజురోజుకీ కాస్త పెంచుతూ వినాలి. మూడు వారాలుగా భార్య పక్కనే కూర్చుని వినిపిస్తోంది.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అందుకని మాస్టారు ధైర్యం చేసి, తలుపు లాక్ వేసుకుని, ఫోనును పెద్ద స్పీకరుకు కలిపి పూర్తి మోత పెట్టుకున్నాడు.

కింద ఇంటి ఓనరు పేపరు పక్కన పడేశాడు. పైన ఎవరో గోడ తొలుస్తున్నారు. ఆ గోడలో నీళ్ళ పైపులున్నాయి. పరుగున మెట్లెక్కి తలుపు బాదాడు. పలుకు లేదు. ముందుజాగ్రత్తగా వెళ్ళి ట్యాంకు వాల్వు కట్టేశాడు. దాంతో పై అంతస్తు టీచరమ్మ తలనిండా నురగతో, తువ్వాలు చుట్టుకుని దిగింది.

"నీళ్ళెందుకు ఆపారండీ?"

"మాస్టారు గోడ తొలుస్తున్నాడమ్మా. పిలిస్తే పలకడు."

"ఆయన మేకు కొట్టడం కూడా నేను చూళ్ళేదు. షాకు కొట్టి పడిపోయాడేమో, మిషను దానంతటదే తిరుగుతోందేమో."

ఓనరు కోపం కాస్తా భయమైపోయింది. వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపాడు. స్పీకరు బ్యాటరీది కావడంతో మోత ఆగలేదు.

"కరెంటు లేకుండా ఎలా తొలుస్తున్నాడండీ?" అంది టీచరమ్మ నీరసంగా.

వీధి మలుపులో ఉన్న తాళాలు తీసే అతన్ని పిలిపించారు. అతను తన డ్రిల్లుతో వచ్చాడు. ఇప్పుడు లోపలొకటి, బయటొకటి. లాక్ ఊడి తలుపు తెరుచుకునే సమయానికి మాస్టారి భార్య కూరగాయల సంచీతో మెట్లెక్కి వచ్చింది.

లోపల మాస్టారు చిరునవ్వుతో గాఢనిద్రలో ఉన్నాడు.

ఆమె ఊడిన లాక్ వంక చూడలేదు. స్పీకరు ఆపి, "బాబూ, నీ మిషను ఆయన చెవి దగ్గర ఒక్కసారి తిప్పు" అంది. తాళాలతను బిక్కమొహం వేసి తిప్పాడు. మాస్టారు అటువైపు ఒత్తిగిలి, ఇంకా హాయిగా సర్దుకున్నాడు.

ఆమె సంచీ వదిలేసి నేలమీద కూలబడి, ఓనరు వంక చూస్తూ ఏడ్చింది. "పళ్ళ డాక్టరు డ్రిల్లంటే ఈయనకున్న భయం పోయింది బాబాయిగారూ. రేపే పన్ను బాగుచేయించుకోవాలి. పరీక్ష పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. మీరంతా కలిసి పెట్టారు. మీకు దణ్ణం."

తిట్టడానికి వచ్చిన ఓనరు వంగి కూరగాయల సంచీ ఎత్తి పక్కన పెట్టాడు. "రేపు నేనూ తోడొస్తాలేమ్మా" అన్నాడు.

మర్నాడు డాక్టరు డ్రిల్లు తిప్పగానే మాస్టారు నిద్రపోయాడు. నోరు మూసుకుపోయింది. లేపితే తెరిచేవాడు, మోత మొదలవగానే మళ్ళీ మూసేవాడు. నాలుగోసారి డాక్టరు మిషను కింద పెట్టేశాడు. "పారిపోయినప్పుడే నయం, నోరన్నా తెరిచేవాడు."

ఓనరు చొక్కా చేతులు మడిచి, మాస్టారి గడ్డం పట్టుకుని నిలబడ్డాడు. పని పూర్తయ్యేదాకా, నలభై నిమిషాలు, చెయ్యి మార్చలేదు.

మెలకువ వచ్చాక మాస్టారు ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. మత్తుకి మాట ముద్దగా వచ్చింది. "మా అన్నయ్య కూడా ఇంత చెయ్యడండీ."

"ఊరుకోండి, దానికేముంది" అంటూ ఓనరు లాగేస్తున్న భుజం రుద్దుకున్నాడు.

బయట వరసలో కూర్చున్న పెద్దమనిషి, ఆవలిస్తూ నవ్వుతూ వస్తున్న మాస్టారిని ఎగాదిగా చూసి, తనకూ అదే ఇంజెక్షన్ ఇమ్మని నర్సుతో చెప్పాడు.