స్వర్గీయ ఇంద్రావతి కేబుల్

బస్తర్ ప్రజల ఇళ్లలో ఇక చీకటన్నది ఉండబోదని మంత్రిగారు జగదల్‌పూర్‌లో ప్రకటించిన సాయంత్రమే భోపాల్‌పట్నంలో టీవీలన్నీ ఆరిపోయాయి. ఇందులో మంత్రిగారి తప్పేమీ లేదు. ఆయన ప్రకటించింది విలీనం. శ్రీరంగం నడిపే ఇంద్రావతి కేబుల్, రాయ్‌పూర్ వారి మహాదండక్ డిజిటల్ కంపెనీలో కలిసిపోయిందనీ, వాగు సముద్రంలో కలిసిందనీ ఆయన గద్గద స్వరంతో అన్నారు. వాగు పేరు మీదున్న లైసెన్సు ఆ క్షణం నుంచి చెల్లదు. సముద్రం పేరు మీదికి ఇంకా మారలేదు. అందుకని బొమ్మ ఆగిపోయింది. అంతా చట్టప్రకారమే జరిగింది.

శ్రీరంగం కిరాణా కొట్టు కుటుంబంలో పుట్టి, బెల్లం తూచడం ఇష్టంలేక కేబుల్ పెట్టినవాడు. స్తంభాలన్నీ తనే ఎక్కి, వైర్లన్నీ తనే లాగాడు. అలాంటిది కంపెనీని రాయ్‌పూర్‌వాళ్ల చేతుల్లో పెట్టాడంటే ఒక్క మాట మీదే పెట్టాడు. లైసెన్సు బదిలీ కాగానే అతన్ని ఏరియా మేనేజర్‌ని చేస్తామన్నారు. టై కూడా ఇస్తామన్నారు. ఇప్పుడు బదిలీ కాలేదు, ఉద్యోగం రాలేదు. కస్టమర్లు ఒక్కొక్కరే డిష్‌లు బిగించుకుంటున్నారు. అతను లాగిన వైరు మీద లంగాలు ఆరేస్తున్నారు. ఆ లంగాల కిందనుంచే శ్రీరంగం రోజూ వంగి నడవాల్సి వచ్చేది.

"ఏంది సేటూ, సముద్రంల నీళ్లు ఎట్లున్నయి?" అని బజారు పలకరించేది.

ఇంట్లో ఆ మాత్రం మర్యాద కూడా లేదు. భార్య జ్ఞానప్రసూన చూసే సీరియల్, కోడలు విషం గ్లాసు పెదాల దాకా తెచ్చిన చోట ఆగింది.

"ఆ పిల్ల తాగిందో లేదో తెల్సుకొని రాండ్రి. అప్పుడు అన్నం పెడ్త," అందామె.

అన్నం కోసం కాకపోయినా ఉద్యోగం కోసం శ్రీరంగం జగదల్‌పూర్ బస్సెక్కాడు. అక్కడ ప్రసార అనుమతుల ఆఫీసులో రామనాథంగారని ఒక మహానుభావుడు ఉన్నారు. గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన ఆంధ్రా మనిషి. చట్టం అంటే ఆయనకు ప్రాణం. చట్టంలో లేనిది ఎదురుగా కనిపించినా చూడరని పేరు.

"పాత కంపెనీ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలండీ," అన్నారు రామనాథంగారు.

"పాత కంపెనీ ఇప్పుడు లేదు గద సార్. కలిసిపాయె."

"లేదు అంటే? ఊళ్లో లేదా, లోకంలోనే లేదా?"

"లోకంలనే లేదనుకోండ్రి."

"అలా అనుకోకూడదు. పోయినట్టు రుజువు కావాలి."

"విలీనం కాయితం ఉంది సార్."

"అది పెళ్లి శుభలేఖ లాంటిదండీ. శుభలేఖ చూపించి చావు నిరూపిస్తారా?" రామనాథంగారు నొచ్చుకున్నారు. ఫైలు మూసి, "మీవైపు మనిషి పోతే ఏం చేస్తారు?" అనడిగారు.

"మేమైతే దినాలు చేస్తం. గూడేలల్లయితే రాయి నిలబెడతరు. దానిమీద పోయినాయన బొమ్మ, ఆయనకిష్టమైనవి రంగులతోటి వేస్తరు. ఊరందరికీ తిండి పెడతరు."

రామనాథంగారి ముఖం వెలిగిపోయింది. "స్థానిక ఆచారం! స్థానిక ఆచారాన్ని రుజువుగా గౌరవించాలని సర్క్యులర్ ఉంది. ఇంతకాలంగా గౌరవిద్దామంటే ఒక్కడూ రాలేదండీ. మీరు రాయి నిలబెట్టండి. నేనొచ్చి తనిఖీ చేస్తాను."

శ్రీరంగం దగ్గర లైన్‌మ్యాన్‌గా చేసే బుధ్రా, తన మేనమామ ఉంగ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ చుట్టుపక్కల రాళ్లమీద బొమ్మలు వెయ్యడంలో ఉంగను మించినవాడు లేడు. ఉంగ చేతులు తుడుచుకుని, పరామర్శకు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"పోయినాయన ఎవరు సేటూ?"

"మా కంపెనీ."

"పెండ్లయిందా?"

శ్రీరంగం ఆలోచించాడు. "రాయ్‌పూర్ సంబంధం. పెండ్లయిన్నాడే పోయిండు."

"అయ్యో," అన్నాడు ఉంగ. నిజంగానే బాధపడ్డాడు. "ఆయనకు ఏమిష్టం?"

"సీరియల్లు. నిచ్చెన. వైరు చుట్ట."

ఉంగ అవన్నీ వేశాడు. అడగకపోయినా ఒక మోటార్‌సైకిల్ కూడా వేశాడు. పైలోకంలో నడిచి తిరగలేడు కదా అన్నాడు. చివరికి నడిమధ్య ఖాళీ చూపించి, "మొఖం చెప్పు," అన్నాడు.

"కంపెనీకి మొఖం ఉండదు ఉంగా."

"మొఖం లేకుంటే రాయి నిలబెట్టం. పోయినాయన వస్తే తన రాయి ఏదో ఎట్ల గుర్తుపడ్తడు? కంపెనీ అంటే జనం ఎవరి మొఖం చూసేటోళ్లు?"

"నాదే."

"మరింకేంది? కదలకుండ కూసో."

శ్రీరంగం కదలకుండా కూర్చున్నాడు. బొమ్మ అచ్చుగుద్దినట్టు వచ్చింది, మీసం కాస్త ఎక్కువే వచ్చింది. రాయి నిలబెట్టారు. కోళ్లు కోశారు, ఇప్పసారా పోశారు. డోలు మోగింది. పొజ్జే అనే ముసలామె రాయిని కావలించుకుని భోరుమంది.

"ఎంత మంచోడు! వానల తడుసుకుంట వచ్చి మా ఇంట్ల టీవీ బొమ్మ బాగుచేసి పోయిండు. ఒక్కనాడు మొఖం మాడ్చుకోలే."

శ్రీరంగానికీ ఏడుపు ఆగలేదు. ఇంత మంచి మాట అతని గురించి బతికుండగా ఎవరూ అనలేదు.

రామనాథంగారు జీపులో వచ్చి దిగారు. రాయి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి, బొమ్మ దగ్గర ఆగారు. బొమ్మనీ శ్రీరంగాన్నీ మార్చి మార్చి చూశారు.

"ఇది మీరే కదండీ?"

"బొమ్మ నాది సార్. చచ్చింది కంపెనీ."

"కంపెనీలో భాగస్తులెవరైనా ఉన్నారా?"

"ఎవ్వరు లేరు. అంత నేనే."

"మరి మీరూ కంపెనీ వేరెలా అవుతారు? ఒక్కరి సొత్తయితే మనిషీ కంపెనీ ఒకటే అంటుంది చట్టం." రామనాథంగారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "మీ మృతికి నా ప్రగాఢ సానుభూతి."

"సార్, బతికే ఉన్న గద!"

"అది మీరు నోటితో చెబుతున్నారు. ఆయన రాతి మీద చెబుతున్నారు. పైగా ఊరంతా భోజనం చేసింది. ఇది కాదంటే చెప్పండి, ఫైలు మొదట్నించి పెడదాం. మీ ఇష్టం."

మొదట్నించి అనేసరికి శ్రీరంగం మనసులో లెక్క కట్టుకున్నాడు. ఈలోగా ఊళ్లో ఇంకెన్ని డిష్‌లు లేస్తాయో. చావుదేముంది, ఎప్పటికైనా తప్పనిదే. టీవీల్లో బొమ్మ రావడం ముఖ్యం.

"ఉద్యోగానికి ఏం ఇబ్బంది రాదు గద సార్?"

"ఉద్యోగం ఎక్కడికీ పోదండీ. మీ గడప దాటి బయటికి పోదు," అన్నారు రామనాథంగారు. ఆయన అబద్ధమాడరు.

లైసెన్సు బదిలీకి ఆమోదం వచ్చేసింది. బడి మైదానంలో సభ పెట్టారు. షామియానా వేశారు, వేదిక మీద పెద్ద టీవీ పెట్టారు. శ్రీరంగం కొత్త నీలం చొక్కా తొడిగి, టై కోసం పై గుండీ పెట్టుకుని ముందు వరుసకు వెళితే వాలంటీర్లు వెనక్కి పంపారు. ముందు వరుస మృతుని కుటుంబానికట. జ్ఞానప్రసూనను మాత్రం చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించారు. పట్టుచీర కట్టుకుని, ఇదేందో తెలియక ఆమె దిక్కులు చూస్తోంది.

మంత్రిగారు మైకు అందుకున్నారు. ఒక సామాన్య వ్యాపారి డిజిటల్ భారతం కోసం ప్రాణాలర్పించాడనీ, ఆ త్యాగాన్ని ప్రభుత్వం మరవదనీ, కంపెనీ పెద్ద మనసుతో అతని భార్యను కారుణ్య ప్రాతిపదికన ఏరియా మేనేజర్‌గా నియమిస్తోందనీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. శ్రీరంగం నోరు తెరిచాడు గానీ చప్పట్లలో అతని మాట అతనికే వినపడలేదు.

నియామకపు ఆర్డరు జ్ఞానప్రసూన చేతిలో పెట్టారు. టై కూడా పెట్టారు. ఆమె రెండింటినీ చూసి, మైకు ముందుకొచ్చింది.

"అయ్యా, మా ఆయన చావలే. అగో, వెనుక నీలం అంగి తొడుక్కొని నిలబడ్డడు."

మంత్రిగారు కళ్లజోడు తీసి కళ్లొత్తుకున్నారు. "చూడండి ఈ ఇల్లాలి ప్రేమ! ఆయన ఇంకా కనిపిస్తున్నాడు ఈమెకి," అన్నారు. రామనాథంగారు ఆమెకు మంచినీళ్లు అందించారు. ఆడవాళ్లు ముక్కులు చీదారు. అంతలో మంత్రిగారు బటన్ నొక్కారు, తెర మీద సీరియల్ వచ్చింది. విషం గ్లాసు కోడలు ఎప్పుడో తాగేసినట్టుంది, ఇప్పుడెవరో కొత్త కోడలు. జ్ఞానప్రసూన మైకు సంగతి మరిచిపోయి తెరవైపు తిరిగింది.

"మృతుని ఆత్మశాంతికి రెండు నిమిషాలు," అని ప్రకటించారు.

అందరూ లేచారు. శ్రీరంగం ఒకసారి చెయ్యెత్తబోయాడు. వేదిక మీద భార్య చేతిలోని ఆర్డరు కాగితం కనిపించింది. చెయ్యి దించి, తల వంచుకుని నిలబడ్డాడు. మైదానంలో అంత శ్రద్ధగా నిలబడ్డవాడు ఇంకొకడు లేడు. అతని చెంపలు తడవడం చూసి, పక్కనున్న కొత్త కానిస్టేబుల్ మెల్లగా భుజమ్మీద చెయ్యి వేశాడు.

"బాగా దగ్గరోడా?"

"ఆ," అన్నాడు శ్రీరంగం. "ఒక్క ఇంట్లనే ఉండేటోళ్లం."