తొలిగుక్క మర్యాద

ఒక పెద్ద అడవిలో అనగానే మీరు సింహం ఎక్కడుందని అడుగుతారు. ఉంది. పేరు కేసరయ్య గారు. పగలల్లా పడుకుంటారు, లేచినప్పుడు మండలి సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, అక్కడ మళ్లీ పడుకుంటారు. ఆయన సంగతి ఇంతే. ఇది దుప్పుల కథ.

ఆ అడవిలో నీళ్లు తాగడానికి ఒకటే రేవు. ఒకటే అని పెద్దలు చెప్పేవాళ్లు. ఆ రేవులో నీలకంఠం అనే మొసలి ఉండేవాడు. మండలిలో నీటి సరఫరా సభ్యుడు కూడా ఆయనే. నెలంతా ఎవరి జోలికీ వెళ్లడు, ఎదురుపడితే కుశలం అడుగుతాడు. పున్నమి నాడు మాత్రం ఆయనకి ఒక మర్యాద జరగాలి.

దాన్ని తొలిగుక్క మర్యాద అనేవాళ్లు. దుప్పుల మందలో ఏడాది నిండిన పిల్లనొకదాన్ని ఎంచి, మెడలో గురిగింజల దండ వేసి, అందరికంటే ముందు రేవులో దించేవాళ్లు. "ఎప్పుడూ యువతరమే ముందుండాలి" అని పెద్దలు వెనక నిలబడి అనేవాళ్లు. కాసేపు నీళ్లు కలకబారేవి, తర్వాత తేటపడేవి. అప్పుడు పెద్దలు దిగి కడుపునిండా తాగేవాళ్లు.

పోయిన వానాకాలం ఆ మర్యాద మేడి అనే కుర్ర దుప్పికి జరిగింది. మేడి తిరిగి రాలేదు. దండ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మేడి తాత చంద్రయ్య దాన్ని కడిగి, ఆరబెట్టి, తర్వాతి పున్నమికి జాగ్రత్త చేశాడు. ఆయన మంద పెద్ద. పెద్దరికం అంటే అలాంటి పనులే ఉంటాయి మరి.

మేడికి ఒక అక్క, నేరేడు. ఆఖరివాడు రేగు. మేడి పోయిన రోజు నుంచి నేరేడు రేవుకి వెళ్లడం మానేసింది. నీళ్లెక్కడ తాగుతున్నావని ఎవరూ అడగలేదు. నెల గడిచినా చచ్చిపోలేదు కాబట్టి అప్పుడు అడిగారు.

"గుట్ట వెనక ఊట ఉంది తాతా" అంది నేరేడు. "ఎక్కడం కాస్త కష్టం. మొసలి లేదు."

"అది మేకల దారి" అన్నాడు చంద్రయ్య.

"నీళ్లు తియ్యగా ఉన్నాయి."

"తియ్యగా ఉంటే సరా. రేపు నలుగురిలో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

ఆ నలుగురు ఎవరో నేను చాలాకాలంగా వెతుకుతున్నాను, ఒక్కడూ దొరకలేదు. దొరికితే రెండు మాటలు అడగాలనుంది.

నేరేడు వెనక ఒక రోజు ఇద్దరు కుర్ర దుప్పులు గుట్టెక్కారు. ఇంకో రోజు ఐదుగురు. విషయం మండలికి పాకింది.

"నాదేముంది, చేపలు తినైనా బతుకుతాను" అన్నాడు నీలకంఠం సమావేశంలో. "మన సంప్రదాయం ఏమైపోతుందోనని నా బెంగ."

గుట్ట దారిని నిషేధిద్దామన్నారు కొందరు. కంచె వేద్దామన్నారు ఇంకొందరు. అప్పుడు నక్క రంగనాథం గొంతు సవరించుకున్నాడు. పట్నం నుంచి షూటింగ్‌కి వచ్చిన మనుషులు ఒకసారి కెమెరా, తెర వదిలేసి పారిపోయారు. అప్పటి నుంచి రంగనాథం డైరెక్టరు. ఇంకా సినిమా ఏదీ తీయలేదు, డైరెక్టరు మాత్రం అయ్యాడు.

"వద్దంటే ఇంకా ఎక్కువమంది ఎక్కుతారు. సినిమా తీద్దాం" అన్నాడు. "మొదటి సగం తిరుగుబాటు. ఓ దుప్పి పిల్ల పెద్దల్ని ఎదిరిస్తుంది, గుట్ట ఎక్కుతుంది, పాట పాడుతుంది. కుర్రకారు ఈలలేస్తారు. ఇంటర్వెల్. రెండో సగంలో దాని కాలు విరుగుతుంది, వాన పడుతుంది, తాత గుర్తొస్తాడు. కుంటుకుంటూ వచ్చి రేవు దగ్గర తల వంచుతుంది. హాలంతా ఏడుస్తుంది. బాగా ఏడ్చినవాడికి ఇంక ఎదిరించే ఓపిక ఉండదు."

కేసరయ్య గారు ఒక కన్ను తెరిచారు. "పాటలెన్ని?"

"ఆరండి."

"కానివ్వండి" అని ఆయన కన్ను మూశారు.

హీరోయిన్‌గా నేరేడే కావాలన్నాడు రంగనాథం. వేరే ఎవరు వేసినా కుర్రాళ్లు నమ్మరట. నేరేడు ససేమిరా అంది. రంగనాథం దానికి దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"వచ్చే పున్నమికి తొలిగుక్క ఎవరిదో తెలుసా?"

నేరేడు తలెత్తింది.

"మీ తమ్ముడు రేగుది. నువ్వు వేషం వేస్తే ఆ పేరు తీయించేస్తాను. నా మాట మండలిలో చెల్లుతుంది."

నేరేడు ఒప్పుకుంది. తమ్ముడి ప్రాణం ముందు వేషం ఎంత.

గుట్ట మీద మూడు రోజులు షూటింగ్ జరిగింది. రంగనాథానికి సహజత్వం పిచ్చి. సెట్టు వేస్తే కుర్రవాళ్లు ఇట్టే పసిగడతారని, అసలు దారిలోనే తీశాడు.

"దారి మొత్తం తీస్తారా?" అని నేరేడు అడిగింది.

"మొత్తం తీయకపోతే ఎలా? చూసేవాడు నీ వెనకే ఎక్కుతున్నట్టు ఉండాలి."

సరేనని నేరేడు నిదానంగా ఎక్కింది. పగిలిన బండ దగ్గర ఎడమకి తిరిగింది. వెదురు పొద దాటి పుట్ట దగ్గర కుడికి తిరిగింది. పల్లవి రెండుసార్లు వస్తుంది కాబట్టి అదంతా రెండుసార్లు ఎక్కింది. ఊట దగ్గర వంగి తాగి, మూతి తుడుచుకుని, కెమెరా వైపు చూసింది. రంగనాథం మురిసిపోయాడు.

రెండో సగం రేవు దగ్గర తీశారు. వాన కోసం ఏనుగుని పిలిపించారు. కాలికి ఆకుల కట్టు కట్టారు. నేరేడు మోకరిల్లి "మందే నాకు అమ్మ, రేవే నాకు గుడి" అనాలి. పదకొండు టేకులైనా ఆ మాట దాని నోట్లోంచి సరిగా రాలేదు.

"కొంచెం పశ్చాత్తాపం కావాలమ్మా" అన్నాడు రంగనాథం. "ఆ నీళ్లకేసి చూస్తూ చెప్పు."

నేరేడు నీళ్లకేసి చూసింది. మేడి దిగింది అక్కడే. ఏడుపు ఆగలేదు. రంగనాథం ఓకే చెప్పాడు. ఏడుపు ఎవరి కోసమో డైరెక్టర్లు అడగరు. షూటింగ్ చూడ్డానికి వచ్చిన చంద్రయ్య కూడా అడగలేదు, అటు తిరిగి కొమ్ములు చెట్టుకి రుద్దుకున్నాడు.

పున్నమి నాడే విడుదల, గబ్బిలాల గుహలో మ్యాట్నీ. పొద్దున్నే చంద్రయ్య గురిగింజల దండ తెచ్చి రేగు మెడలో వేశాడు. రేగు సంబరంగా అక్కకి చూపించాడు. వాడికి ఎర్రరంగంటే ఇష్టం.

నేరేడు పరుగున రంగనాథం దగ్గరికి వెళ్లింది. "పేరు తీయిస్తానన్నారు."

"తీయించాను. మళ్లీ రాశారు" అన్నాడు రంగనాథం. "కోపం తెచ్చుకోకు. సినిమా అవగానే జనమంతా కళ్లు తుడుచుకుంటూ సరాసరి రేవుకి వస్తారు. హీరోయిన్ తమ్ముడే తొలిగుక్క తాగితే ఆ ఊపే వేరని నీలకంఠం గారి ఆలోచన. మంచి ఆలోచనే కదా?"

నీలకంఠానికి ఆ రోజు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. గుహ ముందు క్యాంటీన్ ఎలుగుబంటి బంగారయ్యది. హాల్లోకి వెళ్లేవాళ్లందరికీ ఉలవ గుగ్గిళ్లు ఉచితంగా పంచాలని, ఉప్పు నాలుగింతలు వేయాలని, నీళ్లు మాత్రం చుక్క ఇవ్వకూడదని బంగారయ్యకి ఆర్డరు వచ్చింది. తెర దించేసరికి గొంతులు ఎండిపోవాలి, అందరూ రేవుకి పరిగెత్తాలి. అదీ లెక్క. పాపం, నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగినవాడు. ఉప్పు తిన్నాక దాహం ఎంతసేపట్లో వేస్తుందో ఆయనకేం తెలుసు.

గుహ నిండిపోయింది. ముందు వరుసల్లో కుర్రకారు, వెనక పెద్దలు. అందరి నోట్లోనూ గుగ్గిళ్లు. నేరేడు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది.

మొదటి సగం ఆడింది. తెర మీద నేరేడు తాతని ఎదిరించినప్పుడు ఈలలు. గుట్ట ఎక్కినప్పుడు ఈలలు. పగిలిన బండ వచ్చేసరికి ముందు వరుసవాళ్లు ఈలలు ఆపి ముందుకి వంగి చూశారు. వెదురు పొద చూశారు, పుట్ట చూశారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి సగంమంది పెదాలు కదుపుతున్నారు, ఎడమ, కుడి అనుకుంటూ. వెనక పెద్దలు ఛీ ఛీ అంటూనే ఒక్క మలుపూ వదలకుండా చూశారు. ఊటలో నీళ్లు గలగలమన్నాయి. హాల్లో అందరూ ఒకేసారి గుటక వేశారు.

ఇంటర్వెల్ అని తెర మీద పడింది.

కుర్రకారంతా క్యాంటీన్ మీద పడ్డారు. "నీళ్లు, నీళ్లు."

"నీళ్లు లేవు" అన్నాడు బంగారయ్య. "మండలి ఆర్డరు. సినిమా అయ్యాక రేవులో తాగాలి. గుగ్గిళ్లు ఇంకా ఉన్నాయి, పెట్టమంటారా?"

రేగు నేరేడుని ఆనుకుని నిలబడ్డాడు. "అక్కా, దాహం."

నేరేడు ఏమీ ఆలోచించలేదు. వాడి మెడలో దండ తీసి గుగ్గిళ్ల కుండ అంచుకి తగిలించింది. "పద" అంది.

ఇద్దరూ గుట్ట వైపు నడిచారు. ఇప్పుడే తెర మీద నడిచిన హీరోయిన్ అదే దారిలో ఎదురుగా నడుస్తుంటే, గొంతెండిపోయిన ఏ కుర్రవాడు ఆగుతాడు? ఒకళ్ల వెనక ఒకళ్లు అందరూ కదిలారు.

"గంట కొట్టేశారమ్మా, రెండో సగం మొదలవుతోంది" అని బంగారయ్య వెనక నుంచి కేకేశాడు.

"అది నేను చేశాను బాబాయ్, నాకు తెలుసు" అంది నేరేడు వెనక్కి తిరగకుండా.

లోపల రంగనాథం రెండో సగం వేసేశాడు. కుర్రాళ్లు చెట్ల చాటుకి వెళ్లారు, వచ్చేస్తారనుకున్నాడు. ముందు వరుసలు ఖాళీగానే ఉండిపోయాయి. వెనక పెద్దలు మాత్రం చక్కగా చూశారు. కాలు విరిగినప్పుడు అయ్యో అన్నారు, వాన పడినప్పుడు ముక్కులు చీదారు. నేరేడు మోకరిల్లగానే ఘొల్లుమన్నారు. కేసరయ్య గారు కూడా లేచి కూర్చుని, ఈ కాలం పిల్లలకి కావలసింది ఇలాంటి సందేశమే అన్నారు. ఆ కాలం పిల్లలెవరూ అక్కడ లేరు.

సినిమా అయ్యాక పెద్దలు కళ్లు తుడుచుకుంటూ సరాసరి రేవుకి వచ్చారు. అంతా అనుకున్నట్టే జరిగింది. నీళ్ల మీద నీలకంఠం రెండు కళ్లూ తేలుతున్నాయి.

"తమరు కానివ్వండి" అంది ఒక ముసలి దుప్పి.

"అబ్బే, తమరి ముందు నేనెంత. తమరే దిగండి" అన్నాడు ఇంకొకడు.

"వయసులో పెద్దవారు మీరుండగా నేను దిగడం ఏం మర్యాద."

ఇలా ఒకరినొకరు గౌరవించుకుంటూ పొద్దు వాలేదాకా నిలబడ్డారు. ఆ మందలో ఎవరిమీద ఎవరికి ఎంత గౌరవముందో ఆ రోజే బయటపడింది. ఇంతలో బంగారయ్య దండ పట్టుకుని వచ్చాడు. "ఎవరో క్యాంటీన్లో మర్చిపోయారండి."

దండ చేతులు మారింది. మారి మారి చంద్రయ్య దగ్గర ఆగింది. "మంద పెద్ద తమరే కదా" అన్నారు అందరూ.

చంద్రయ్య తల వంచి దండ వేసుకోబోయాడు. పట్టలేదు. కొమ్ములకి అడ్డుపడింది, కొమ్ములు తప్పించినా నుదుటి దగ్గరే ఆగిపోయింది. ఏడాది పిల్ల మెడకి కొలిచి గుచ్చిన దండ అది. ఎన్నో పున్నములు తనే కడిగి ఆరబెట్టాడు, ఇంత చిన్నదని ఎప్పుడూ చూడలేదు.

"మేడికి సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

చంద్రయ్య దండని రేవు గట్టున పెట్టేసి, వెనక్కి తిరిగి, గుట్ట వైపు నడిచాడు. పగిలిన బండ దగ్గర ఎడమకి తిరిగాడు. పుట్ట దగ్గర కుడికి తిరిగాడు. ఎక్కడా దారి అడగలేదు. మిగతా పెద్దలు ఆయాసపడుతూ, మోకాళ్లని తిడుతూ, వెనకే ఎక్కారు.

ఊట దగ్గర పిల్లలంతా ఉన్నారు. రేగు మూతి తడిగా ఉంది. చంద్రయ్య అలవాటు కొద్దీ ఆగిపోయాడు.

"ముందు ఎవరు తాగాలి?" అని అడిగాడు.

"ఎవరికి దాహమేస్తే వాళ్లు" అంది నేరేడు.

ఆయన అక్కడే నిలబడ్డాడు. మనవరాలి ముఖం చూడలేకపోయాడు. నేరేడు కూడా ఆయన్ని ఓదార్చలేదు, తప్పు లేదులే తాతా అనలేదు. కాసేపటికి మాత్రం ఒక అడుగు పక్కకి జరిగి చోటిచ్చింది. చంద్రయ్య వంగి తాగాడు, చాలాసేపు తాగాడు.

సినిమా ఘనవిజయం సాధించిందని మండలి తీర్మానించింది. హాలు నిండింది, అందరూ ఏడ్చారు, కాదనడానికేముంది. మొదటి సగం రీళ్లు మాత్రం తగలబెట్టించారు. రెండో సగాన్ని ప్రతి పున్నమికీ రేవు దగ్గర ఉచితంగా వేస్తున్నారు. చూడ్డానికి నీలకంఠం ఒక్కడే వస్తాడు. చివర్లో ప్రతిసారీ కన్నీళ్లు పెట్టుకుంటాడట, కథకో ఆకలికో తెలియదు.

నీతి: పిల్లలకి సినిమా చూపిస్తే మొత్తం చూపించాలి, సగంలో వదిలితే బాగుపడిపోతారు.