మూడు ఈలల పాఠం

ఒక పెద్ద అడవిలో ఒక బడిపంతులు రిటైరయ్యాడు. చిన్న కథ, రెండు ముక్కల్లో అయిపోతుంది. అయితే ఆ పంతులు కొండముచ్చు అని చెప్పాలి. పేరు బుచ్చిలింగం. కొండమీద మేడిచెట్టుకు కాపురం మార్చేద్దామని ఆయన భార్య వరాలమ్మ పదేళ్ళుగా పోరుతోంది. మేడిచెట్టంటే గుర్తొచ్చింది, అడవిపంది గురునాథం రెండో పెళ్ళి దానికిందే జరిగింది. వడ్డన చాలక ఆడపెళ్ళివారు దుంపలు తవ్వుకుని తిన్నారు. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

బుచ్చిలింగం చెప్పేది హెచ్చరికల పాఠం. పులి వస్తే రెండు దగ్గులు, పాము వస్తే మూడు ఈలలు. ఈలలు వినగానే నేల వదిలి ఎత్తైన చోటికి ఎక్కాలి. పులి అడవిసభకు అధ్యక్షుడయ్యాక ఆయన గౌరవార్థం దగ్గుల పాఠం తీసేశారు. ఇక మిగిలినవి ఆ మూడు ఈలలే.

అవైనా సాగనిస్తేగా. పుట్టల లెక్కలకు మాస్టారే, పిట్టల ఓటర్ల జాబితాకు మాస్టారే, తేనెపట్ల సర్వేకూ మాస్టారే. పైగా తనిఖీకి వచ్చే ఎలుగుబంటికి వాగు దాటడం బద్ధకం. అవతలి ఒడ్డునే నిలబడి చెవి ఒగ్గేవాడు. అది చూసి మాస్టారు ఒక పద్ధతి పెట్టాడు. తను ఈల వేస్తాడు, పిల్లలు కూర్చున్నచోటే కూర్చుని ఒక్క గొంతుతో తిరిగి ఈల వేస్తారు. అడవి దద్దరిల్లేది. ఎలుగు "బడి బాగా నడుస్తోంది" అని రాసుకుని పోయేవాడు.

ఎక్కాలని నోటితో చెప్పేవాడు గానీ, ఎక్కించడం తర్వాత నేర్పుదాంలే అనుకున్నాడు మాస్టారు. అనుకుని ముప్పై నాలుగేళ్ళయింది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పంతులు రిటైరయ్యే రోజున పాత విద్యార్థి ఒక్కడైనా సభలో లేచి, నేర్చుకున్నది చేసి చూపాలి. అప్పుడే మోదుగాకుల శాలువా, అప్పుడే విముక్తి. చేసేవాడు లేకపోతే పంతులు మళ్ళీ బడికి రావలసిందే. పాటల మాస్టారు కొంగకు ఎప్పుడో వయసు దాటిపోయింది. శిష్యుల్లో ఒక్కరికీ గొంతు పలకలేదు. చూపు పోయినా పాపం ఇంకా బడికి వస్తున్నాడు, ఖాళీ గదిలో పాఠం చెప్పుకుంటున్నాడు.

బుచ్చిలింగం తన శిష్యులను వేళ్ళమీద తలచుకున్నాడు. ఈల విని ఎక్కేవాడు ఒక్కడూ తేలలేదు. తనవైపు చూసుకున్నాడు. పాఠం మధ్యలో నిద్రపోయి కొమ్మమీంచి రెండుసార్లు పడ్డ సంగతి మాత్రం గుర్తొచ్చింది. పిల్లలు దాన్ని కూడా పుస్తకాల్లో రాసుకున్నారు.

"మేడిచెట్టు ఎక్కేది ఈ జన్మలోనేనా?" అని అడిగింది వరాలమ్మ, మూట కడుతూనే.

"గురునాథాన్ని పట్టుకుంటాను, వాడూ నా దగ్గర చదివినవాడేగా" అన్నాడు మాస్టారు.

పట్టుకున్నాడు. బుట్టెడు దుంపలు పెట్టి, తను ఈల వేయగానే పక్కనున్న చెట్టుమొద్దు ఎక్కి నిలబడితే చాలని చెప్పాడు. మూడు రోజులు సాధన చేయించాడు. గురునాథం రోజూ దుంపలు తిన్నాడు, రోజూ మొద్దు ఎక్కాడు. దిగడానికి మాత్రం ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చేది.

సభ రోజున పాత విద్యార్థులు మూడువందలమంది వచ్చారు. వేదికమీద బల్ల వెనక అధ్యక్షుడు పులి, పక్కన కార్యదర్శి నక్క. ముందు వరుసలో దుప్పులు. పొగడ్తలన్నీ అయ్యాక నక్క కలం తీసి, ఇక పాఠం కానివ్వమన్నాడు.

బుచ్చిలింగం లేచి మూడు ఈలలు వేశాడు.

మూడువందల గొంతులు, కూర్చున్నచోటే కూర్చుని, మూడు ఈలలు తిరిగి వేశాయి. ఎక్కడా శ్రుతి తప్పలేదు. గురునాథం అయితే కళ్ళు మూసుకుని మరీ వేశాడు. మొద్దు ఖాళీగా ఉంది. ఎంత బాగా వేశారు అని ఒక్క క్షణం మాస్టారికి ఒళ్ళు పులకరించింది. మరుక్షణం వరాలమ్మ మూట విప్పడం కనిపించింది.

అంతలో వేదికమీద దబ్బుమని చప్పుడు. పులి బల్లమీద ఉన్నాడు, నాలుగు కాళ్ళూ ఒక్కచోటికి చేర్చి, తోక పైకి లాక్కుని.

"ఎక్కడ మాస్టారూ?" అన్నాడు మెల్లిగా.

"ఏదండీ?"

"పాము."

"లేదండీ. పాఠం" అన్నాడు బుచ్చిలింగం.

నక్క గొంతు సవరించుకున్నాడు. "తమరు ఈ బడిలో చదువుకున్నారా?"

"హాజరుపట్టీలో నా పేరుండదు. బడి పక్క పొదలో మూడేళ్ళు కూర్చున్నాను. ఒక్క రోజు మానలేదు."

"ఎందుకండీ?"

"బడి వదిలితే పిల్లలు బయటికొస్తారు కదా" అన్నాడు పులి.

ముందు వరుస దుప్పులు కాస్త వెనక్కి జరిగాయి. పులి బల్ల దిగి, మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టి, రెండు దగ్గుల పాఠం కూడా తనకు వచ్చని చెప్పాడు. ఎవరో దగ్గారంటే తనను చూసేశారన్నమాటట. వెంటనే దారి మార్చుకోవచ్చట. ఈ అడవిలో తను ఇంతవాడినయ్యానంటే అది మాస్టారి చలవేనన్నాడు.

బుచ్చిలింగం అలవాటుగా చెయ్యెత్తి, "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అన్నాడు.

"నిండు నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అని మూడువందలమంది తిరిగి చెప్పారు.

నక్క పుస్తకంలో పులి పేరు రాసుకున్నాడు. శాలువా కప్పారు. మధ్యాహ్నానికి మొగుడూపెళ్ళాలు కొండదారి పట్టారు. వరాలమ్మ మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసిందట.

ఖాళీ అయిన పోస్టుకు అర్హత ఉన్నవాడు అడవి మొత్తంమీద ఒక్కడే తేలాడు. సోమవారం నుంచి బడికి పులి వస్తున్నాడు. హాజరు రోజూ ఆయనే తీసుకుంటాడు. పట్టీ నెలనెలా చిన్నదవుతోంది.

నీతి: మనసుపెట్టి చెప్పినా చెప్పకపోయినా పాఠం వృథా పోదు, వినకూడనివాడు ఎక్కడో కూర్చుని వింటూనే ఉంటాడు.