మూత లేని మీటరు

పొద్దున్న తొమ్మిదింటికి పెద్ద ఇంజనీరు వేసుకున్న పథకం చాలా తేలికైనది. పదకొండింటికి పరీక్షాధికారిణి వస్తుంది, మీటరు చూస్తుంది, సంతకం పెడుతుంది. పెట్టకపోతే మూడేళ్ల చాకిరీ అటకెక్కుతుందని యజమాని ముందురోజే తేల్చి చెప్పాడు.

ఆ మీటరు మామూలుది కాదు. ఒక ఆంపియరు కరెంటును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కను పట్టుకోగలదు. దోమ దగ్గితే ఆ గాలిని తూకం వేసినట్టన్నమాట. ఇంత చేసీ దాని తిండి చొక్కా గుండీ అంత బ్యాటరీ ఒక్కటే; దాంతోనే పదేళ్లు బతుకుతుంది. దాన్ని చేసినవాడికి మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి నమలాలి. అందుకే మీటరు పెట్టె మూత ఊడదీసి, ఆ మూతలో వేరుశనగ గింజలు పోసుకుని కూర్చున్నాడు.

మీటరు తెర మీద అంకె, ఉండాల్సినట్టే, రెండు దగ్గర రాయిలా నిలిచి ఉంది. అంతలో మీటరు లోపలి బోర్డు మీద గింజ పొట్టు ఒకటి కనబడింది. వంగి "ఉఫ్" అని ఊదాడు. పొట్టు పోయింది. అంకె నలభైకి ఎక్కింది.

"ఎవడ్రా దీన్ని ముట్టుకుంది?" వంగినవాడు వంగినట్టే అరిచాడు. అంకె తొంభై.

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు, ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు: అరుపు.

"నేను ముట్టుకోలేదు బావా. ఫ్యానేమో చూడు" అన్నాడు పక్క బల్ల దగ్గర పనిచేసే బావమరిది, తల ఎత్తకుండానే.

ఫ్యాను ఆపారు. ఉక్క పెరిగింది, దాంతోపాటు కోపం ఉడికింది. "ఫ్యాను కాదు, నీ మొహం! ఆ ఫోను అవతల పారెయ్! ఆ సోల్డరింగ్ అక్కను బయటికి పొమ్మను!" అంకె నూట యాభై.

"మధ్యలో నేనేం చేశానయ్యా?" అంది మూల బల్ల దగ్గర తీగలు అతికే సోల్డరింగ్ అక్క. "మూత పెట్టు, మూత పెట్టు అని నిన్నట్నుంచీ మొత్తుకుంటున్నా. వింటేగా!"

"మూత పెడితే లోపలేం ఏడుస్తోందో నాకెట్లా తెలుస్తుంది?" మూడొందలు.

గోడల్లోని తీగలే కుట్ర చేస్తున్నాయని తీర్మానించి, ఇంజనీరు వరండాలోకి ఉరికి భవనం మొత్తానికి ఉన్న మెయిన్ స్విచ్ లాగేశాడు. దీపాలు ఆరాయి. బ్యాటరీ మీద బతికే మీటరు మాత్రం తన మూడొందలు వదల్లేదు.

"బావా, లిఫ్టులో ఎవరో తలుపు బాదుతున్నారు."

"బాదనీ! ఇక్కడ నా కొంప మునుగుతుంటే..." నాలుగొందలు.

"ఆడగొంతు బావా. టైము పదకొండు."

ఇంజనీరు నోట్లోని గింజ గొంతుకు అడ్డం పడింది.

స్విచ్ వేశాక లిఫ్టు పైకొచ్చింది. అందులోంచి పరీక్షాధికారిణి కళ్లలో నిప్పులతో దిగింది. "పరీక్ష నాకా, మీ మీటరుకా?"

"తప్పు నాది కాదమ్మా!" అంటూ ఆయన మీటరు మీదకు వంగి ఫ్యానునూ, బావమరిదినీ, భవనం కట్టిన మేస్త్రీనీ వరసపెట్టి కడిగేశాడు. ఆమె ఆయన వంక చూడలేదు, అంకె వంక చూసింది. తిట్టుకో మెట్టు చొప్పున ఎక్కుతోంది.

"కాస్త వెనక్కి జరగండి" అని భూతద్దం పెట్టి చూసింది. బోర్డు నిండా సన్నటి చుక్కలు మెరుస్తున్నాయి. "తడి. దారి దొరికి కరెంటు దీని మీదుగా పాకుతోంది. అంతా మీ నోటి తుంపరే."

బావమరిది నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

ఆమె స్పిరిటుతో బోర్డు తుడిచి ఆరబెట్టింది. మూతలోని గింజలు ఆయన దోసిట్లో పోసి, మూత బిగించింది. అంకె రెండు.

"ఇప్పుడు తిట్టండి."

"ఎవర్నండీ?"

"ఎవర్నైనా. పరీక్ష అదే."

మూడేళ్లలో మొదటిసారి ఇంజనీరుకు ఒక్క తిట్టూ గుర్తుకు రాలేదు. సోల్డరింగ్ అక్కే జాలిపడి ముందుకొచ్చి, మీటరు మీదకు వంగి, ఆయన తరఫున ఆయన్నే పావుగంట సేపు దులిపేసింది. అంకె రెండు దగ్గర నుంచి కదిలితే ఒట్టు.

సంతకం పడింది. దాని కింద షరతు ఒక్కటే: మూత తీసినప్పుడు తయారుచేసినవారు గదిలో ఉండరాదు.